డ్యాంపర్ సంగతి తరవాత, ముందు జాయింట్లు చూడు

ఒరే రఘూ,

నీ ఉత్తరం నిన్న అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర నీ మారుతి జిప్సీ జీపు గురించే రాశావు, పిల్లల గురించి రెండు వాక్యాలు. చెల్లెమ్మ చదివితే ఏమంటుందో గానీ, నాకు మాత్రం ఆనందంగానే ఉంది.

విషయానికి వస్తాను. అరవై వేగంలో చిన్న గుంట తగిలితే చాలు ముందు చక్రాలు వణికి స్టీరింగు చేతుల్లో నిలవడం లేదన్నావు. మీ మెకానిక్ స్టీరింగు కుదుపును మింగే డ్యాంపర్ కొత్తది వెయ్యమన్నాడు, దానితో పాటు పవర్ స్టీరింగ్ కిట్ కూడా అంటగట్టాలని చూస్తున్నాడు. రెండూ ఇప్పుడే కొనకు. డ్యాంపర్ వణుకును అణిచిపెడుతుందే గానీ, వణుకు పుట్టిన చోటును ముట్టుకోదు. పంటినొప్పికి లవంగ నూనె రాసుకున్నట్టు కొన్నాళ్లు హాయిగా ఉంటుంది, ఆ లోపల అరుగుదల తన దారిన సాగుతూనే ఉంటుంది. పవర్ స్టీరింగ్ అయితే ఇంకా ప్రమాదం. వదులైన జాయింట్ల మీద అదనపు బలం పెట్టి తోస్తుంది, పైగా వదులు నీ చేతికి తెలియకుండా చేస్తుంది.

ముందు రోగం ఎక్కడుందో కనిపెట్టు. దానికి పైసా ఖర్చు లేదు. బండి నేల మీదే ఉండనీ, ఇంజను ఆపెయ్యి. మీ పెద్దవాణ్ణి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి అటూ ఇటూ కొద్దికొద్దిగా, ఆపకుండా తిప్పమను. నువ్వు కింద దూరి ఒక్కొక్క జాయింటునూ అరచేత్తో పట్టుకో. స్టీరింగ్ బాక్సు (స్టీరింగు తిప్పితే కదిలే గేర్ల పెట్టె) నుంచి వచ్చే చెయ్యి పిట్‌మన్ ఆర్మ్, దాని నుంచి వెళ్లే రాడ్డు డ్రాగ్ లింక్, రెండు చక్రాలనూ కలిపే రాడ్డు టై రాడ్ చూసుకో. రాడ్లు రెండు, కొనలు నాలుగు. ఆ కొనల్లోని జాయింట్లనే టై రాడ్ ఎండ్లు అంటారు. వదులున్న చోట ఒక ముక్క కదిలాక రెండోది కాస్త ఆలస్యంగా కదులుతుంది. కంటికి కనబడకపోయినా చేతికి టక్కుమని తెలుస్తుంది. స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కు బిగించిన బోల్టుల దగ్గరా, ముందు కమాన్ కట్టల బుష్షుల దగ్గరా కూడా చెయ్యి పెట్టు. వాటిని ఎవరూ చూడరు.

తరవాత వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం జాకీ మీద లేపి, ఇరుసు కింద స్టాండు పెట్టు. జాకీని నమ్మి కిందకు దూరకు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఊగితే లోపం చక్రం బేరింగుదైనా కావాలి, చక్రం అటూ ఇటూ మళ్లడానికి ఇరుసైన కింగ్ పిన్‌దైనా కావాలి. ఏదో తేల్చుకోవాలంటే పెద్దవాణ్ణి బ్రేకు తొక్కమని మళ్లీ ఊపు. ఊగడం ఆగిపోతే చక్రం బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్. ఆ తరవాత పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల సంగతి మరోసారి తేలుతుంది.

నా బండిలో నాలుగు కొనలూ పోయాయి, కుడి వైపు కింగ్ పిన్ బేరింగులు కూడా. నీదీ అలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం. ముందున్న యజమాని వెడల్పు టైర్లు వేసి, చక్రాలు బయటికి రావడానికి స్పేసర్లు పెట్టాడన్నావు కదా. చక్రం బయటికి జరిగేకొద్దీ ప్రతి గుంట దెబ్బా ఈ జాయింట్ల మీద అంత ఎక్కువగా పడుతుంది. స్పేసర్లు తీసి పారెయ్యి. అందం తగ్గినా ఫరవాలేదు, మారేడుమిల్లి ఘాట్‌లో నీ బండి అందం చూసేవాడెవడు?

ఇక సామాన్లు. మన అదృష్టం కొద్దీ జిప్సీ 1985లో వచ్చింది మొదలు సైన్యం, పోలీసులు విపరీతంగా వాడారు. తయారీ 2019లో ఆగినా విడిభాగాలకు కొరత లేదు. నేను సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్నాను. అక్కడ ఏ దుకాణంలోనైనా మొదటి ప్రశ్న "ఒరిజినలా, లోకలా?" అనే. టై రాడ్ ఎండ్ల దగ్గర మాత్రం లోకల్ అనే మాటే వద్దు. పేరున్న కంపెనీది తీసుకో. రానే లాంటివాళ్లు చేసేదే ఆ పని. డబ్బా విప్పించి, బొటనవేలితో పిన్ను కదిపి చూడు. కొత్తది బిగువుగా, ఒకే తీరుగా కదలాలి. వదులుగా వాలిపోతే తిరిగి ఇచ్చెయ్యి. రబ్బరు తొడుగు పగుళ్లు లేకుండా మెత్తగా ఉండాలి. బురదలో తిరిగే బండికి ప్రాణం ఆ తొడుగులోనే ఉంది. అది చిరిగితే ఎంత మంచి జాయింటైనా ఒక వానాకాలం దాటదు. కొనల్లో సగం కుడి మరలవి, సగం ఎడమ మరలవి. నాలుగూ ఒకటే కదా అని చేతికందినవి తెచ్చుకోకు.

డబ్బు మిగిలే చోటు వేరే ఉంది. కింగ్ పిన్ బేరింగులను బండి సామాన్ల దుకాణంలో కిట్‌గా కొనకు. పాత బేరింగు తుడిచి చూస్తే అంచు మీద నెంబరు చెక్కి ఉంటుంది. ఆ నెంబరు పట్టుకుని బేరింగులు మాత్రమే అమ్మే దుకాణానికి వెళితే మంచి కంపెనీదే తక్కువకు దొరుకుతుంది. డ్రాగ్ లింక్ రాడ్డు వంగి ఉంటే పాత బండి నుంచి తీసిన నిటారు రాడ్డు కొనుక్కోవచ్చు, తప్పు లేదు. వంగినదాన్ని కాల్చి సరిచేస్తాననో, విరిగినదాన్ని వెల్డింగ్ చేస్తాననో ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి. పాత టై రాడ్ ఎండ్లు ఉచితంగా ఇచ్చినా వద్దు.

విప్పడం దగ్గర చాలామంది ఓపిక కోల్పోతారు. పైన గాట్లుండే క్యాజిల్ నట్ విప్పాక దాన్ని పూర్తిగా తియ్యకుండా రెండు మూడు మరల మీద ఉంచి, రాత్రంతా తుప్పు వదిలించే నూనెలో నాననీ. సుత్తితో పిన్ను మీద కొట్టకు, మరలు పాడవుతాయి. పిన్ను కూర్చున్న ఆర్మ్ కన్ను (రంధ్రం) పక్కన కొట్టాలి. ఎదురుగా ఇంకో బరువైన సుత్తి ఆనించి, ఇటు నుంచి రెండు గట్టి దెబ్బలు వేస్తే పిన్ను ఊడి పడుతుంది. ఊడాక ఆ కన్ను లోపల వేలు పెట్టి చూడు. గుండ్రం పోయి కోలగా అయి ఉంటే కొత్త పిన్ను ఎంత బిగించినా నిలవదు, ఆర్మ్ కూడా మార్చాల్సిందే. రాడ్డు నుంచి పాత కొన తిప్పి తీసే ముందు పొడవు కొలిచి రాసుకో. బిగించేటప్పుడు, నట్ ఊడకుండా అడ్డం దూర్చే స్ప్లిట్ పిన్ రంధ్రం గాటుతో కలవకపోతే నట్‌ను ఇంకాస్త ముందుకు బిగించి కలుపు, ఎప్పుడూ వెనక్కి తిప్పి కలపకు. స్ప్లిట్ పిన్ కొత్తదే వెయ్యి. అంత ఖర్చు పెట్టినవాడు అక్కడ పిసినారితనం చేస్తే నేను ఒప్పుకోను.

కింగ్ పిన్ పని మురికిపని. చక్రం, బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్, చక్రం బిగించే హబ్, లోపలి షాఫ్టు అన్నీ తీసి ఒక గోనెసంచి మీద పరవాలి. క్యాలిపర్‌ను తీగతో కమాన్ కట్టకు వేలాడదియ్యి, బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకు. కింగ్ పిన్నుల కింద షిమ్ములనే పల్చటి రేకు ముక్కలు ఉంటాయి. ఏది పైది, ఏది కిందది, ఏ వైపుది అని విడివిడిగా కట్టి పెట్టుకో. బేరింగు కప్పుల్లో చూస్తే గీతలు గీతలుగా గుంటలు కనిపిస్తాయి. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి రోలర్లు ఒకే చోట కొట్టి కొట్టి పెట్టిన గుంటలవి. మధ్యలో స్టీరింగు పట్టేసినట్టు ఉండడానికి కారణం చాలాసార్లు ఇదే. అందుకే కప్పులు కూడా మార్చాలి, రోలర్లు మాత్రం మార్చి ఊరుకోకూడదు. నకుల్ (ఇరుసు చివర చక్రాన్ని మోస్తూ అటూ ఇటూ తిరిగే భాగం) బయట నూనె జిడ్డు ఉంటే, నూనెను ఆపే లోపలి సీలు పోయినట్టు. గేరు నూనె వచ్చి గ్రీజును పల్చన చేస్తుంది. అన్నీ విప్పి ఉన్నప్పుడే ఆ సీలు కూడా వేయించు, మళ్లీ విప్పితే కూలి రెట్టింపు.

బిగువు సరిచూడడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. టై రాడ్ ఇంకా తగిలించకముందే నకుల్ ఆర్మ్ కొనకు స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి లాగాలి, ఎంత బరువు దగ్గర కదులుతుందో చూడాలి. నేను మా వీధిలో పాత పేపర్లు కొనే అతని త్రాసు అడిగి తెచ్చుకున్నాను. దేనికని అడిగాడు, బండికి బరువు చూడాలన్నాను, జాలిగా చూసి ఇచ్చాడు. మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు షిమ్ములు తీస్తూ పెడుతూ సరిపెట్టాలి. షిమ్ము తీస్తే బిగుస్తుంది, చేరిస్తే వదులవుతుంది. ఈ బిగువు లేని ముందు ఇరుసే అరవై వేగంలో వణికేది. డ్యాంపర్ ఏ కంపెనీదైనా దీని ముందు దిగదుడుపే.

చక్రాలను తిన్నగా సరిపెట్టే అలైన్‌మెంట్ ఇంట్లోనే చేసుకోవచ్చు. చక్రం లేపి తిప్పుతూ టైరు నడుమ సుద్ద పూసి, మేకుతో సన్నటి గీత గియ్యి. బండి దించి, కాస్త ముందుకూ వెనక్కూ తోసి సర్దుకోనివ్వు. రెండు టైర్ల గీతల మధ్య దూరం హబ్ ఎత్తులో వెనక వైపు కొలు, తరవాత ముందు వైపు కొలు. ముందు దూరం కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. టై రాడ్ రెండు కొనలకూ వ్యతిరేక మరలు కాబట్టి, లాక్ నట్లు వదులు చేసి రాడ్డు తిప్పితే పొడవు మారుతుంది. స్టీరింగ్ చక్రం వంకరగా నిలిస్తే అది డ్రాగ్ లింక్‌తో సరిచెయ్యాలి, టై రాడ్ ముట్టుకోకు.

స్టీరింగ్ బాక్సు మీదున్న స్క్రూను చివరి దాకా కదపకు. చాలా షెడ్లలో మొదట తిప్పేది అదే, ఎందుకంటే పని సులువు, డబ్బు వెంటనే. బాక్సు మధ్యలోనే ఎక్కువ అరుగుతుంది. అక్కడ వదులు పోయేదాకా బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తుంది. మిగతావన్నీ అయ్యాక ఇంకా వదులు ఉంటే కొద్దికొద్దిగా తిప్పి చూడు, నూనె మట్టం కూడా చూడు.

నాకు కూలితో సహా పవర్ స్టీరింగ్ కిట్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. బరువైన పని ఆటోనగర్‌లో చేయించాను, మిగతాది సైనిక్‌పురి ఇంటి ముందు నేనే చేసుకున్నాను. మీ వదిన ఇంకా ఆ గ్రీజు మరకల గురించి మాట్లాడుతూనే ఉంది. మొన్న ఆదివారం అనంతగిరి కొండల దాకా వెళ్లి వచ్చాను, వికారాబాద్ దారిలో గుంటలకు కొరత లేదని నీకు తెలుసు. పాత డ్యాంపరే ఉంది, చక్రాలు వణకలేదు. వచ్చాక నట్లు, స్ప్లిట్ పిన్లు అన్నీ మళ్లీ చూశాను. నువ్వూ మొదటి ప్రయాణం అయ్యాక చూడు.

నీ బండి ఏ సంవత్సరందో, కింగ్ పిన్ బేరింగుల మీది నెంబర్లేమిటో రాసి పంపు. నాలుగు కొనలు, బేరింగులు, సీళ్లు రాణీగంజ్‌లో కొని ఆర్టీసీ కార్గోలో వేస్తాను. డబ్బు తరవాత చూసుకుందాం, పోయినసారి నువ్వు పంపిన పూతరేకుల లెక్క కూడా తేలలేదు కదా.

నీ
వాసు