కొలను సంరక్షణ విభాగం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

హనుమకొండలోని మన కాలనీ పార్కులో ఉన్న సిమెంటు కొలనును, సభ్యులు ఇళ్ల ముందు పెట్టుకున్న తొట్లను, గోలేలను ఈ చలికాలంలో ఎలా కాపాడుకున్నామో, ఎక్కడ పొరబడ్డామో ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాం. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టించిన కాకతీయుల గడ్డ మీద పుట్టిన మనకు నీటిని చూసుకోవడం కొత్త కాదు. అయినా రెండడుగుల లోతున్న తొట్టి చెరువులాగా ఉండదన్న సంగతి మాత్రం ఈ ఏడాదే బాగా తెలిసివచ్చింది.

డిసెంబరు, జనవరి నెలల్లో మన దగ్గర రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు, కొన్నిసార్లు అంతకంటే కిందికి దిగి, మధ్యాహ్నానికి మళ్లీ 30 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తుంది. చెరువులో నీరు ఎక్కువ కాబట్టి ఈ తేడా నెమ్మదిగా సర్దుకుంటుంది. గోలెంలోనైతే ఒక్క రాత్రిలోనే నీరు చల్లబడిపోతుంది. గోల్డ్ ఫిష్ చలిని బాగానే ఓర్చుకుంటుంది. గప్పీలు, మోలీలు వెచ్చని నీటి చేపలు. వాటికి 22 నుంచి 28 డిగ్రీలు హాయి. ఈ ఎగుడుదిగుళ్ల వల్ల వాటి ఒంట్లో శక్తి తగ్గినప్పుడే తెల్లమచ్చల వ్యాధి పట్టుకుంటుంది. రెక్కల మీద, ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు మచ్చలు కనిపించిన వెంటనే ఆ చేపలను వేరే తొట్టిలోకి మార్చి, లీటరు నీటికి రెండు మూడు గ్రాముల చొప్పున కల్లుప్పు కలిపి ఉంచాం. మొక్కలున్న కొలనులో ఉప్పు వేయకూడదు. చేపకు మందైనది నాచుకు, మొక్కల వేర్లకు హాని చేస్తుంది.

ఈ ఏడాది జరిగిన పెద్ద పొరపాటును దాచకుండా చెప్పడం మా బాధ్యత. చలి ముదిరిన రోజుల్లో చేపలు వణికిపోతాయేమోనన్న ఆందోళనతో కొలను మొత్తాన్ని టార్పాలిన్‌తో కప్పి, పొగమంచు తగ్గలేదని రెండు రోజుల పాటు తీయలేదు. మూడో రోజు తెల్లవారుజామున పట్టా ఎత్తి చూసేసరికి చేపలన్నీ నీటి పైభాగానికి చేరి, మూతులు బయటపెట్టి గాలి కోసం గుటకలు వేస్తున్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా తేలి ఉన్నాయి. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువగానే కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు పట్టే నీరు 15 డిగ్రీల దగ్గర 10 దాకా పట్టగలదు. అంటే చేపల ప్రాణం తీసింది చలి కాదు, మేం చేసిన చీకటి. వెలుతురు లేక నాచు ఆక్సిజన్ విడుదల చేయడం ఆగిపోయింది, పైగా ఉన్నదాన్ని కూడా పీల్చుకుంది; బయటి గాలి నీటికి తగలలేదు. ఆ తర్వాత రాత్రి పూట ఉత్తరం వైపు మాత్రమే గోనె పట్టాలు అడ్డుకట్టి, సూర్యోదయం కాగానే తీసేశాం. ఆపైన ఒక్క చేప కూడా అలా చనిపోలేదు.

మేత విషయంలో సభ్యులకు మరీ మరీ మనవి చేస్తున్నాం. చేపది చల్లని నెత్తురు. నీరు చల్లబడితే దాని అరుగుదల కూడా మందగిస్తుంది. తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియాగా మారుతుంది, దాన్ని విరిచే మేలుచేసే సూక్ష్మజీవులూ చలిలో చురుగ్గా ఉండవు. అందుకే రోజుకు ఒక్కసారి, ఎండ పడిన తర్వాత, రెండు నిమిషాల్లో తినేటంత మాత్రమే వేయాలి. నీరు బాగా చల్లగా ఉన్న రోజు అసలు వేయకపోయినా నష్టం లేదు. పిల్లలు ప్రేమతో తెచ్చి వేసే బిస్కెట్ ముక్కలు కూడా ఈ లెక్కలోకే వస్తాయని తల్లిదండ్రులు దయచేసి చెప్పాలి. గట్టు మీది బాదం చెట్టు ఆకులు ఎర్రబడి రాలుతున్న రోజుల్లో రోజూ వలతో తీయించాం. ఒకటి రెండు ఆకులు ఉంటే ఫరవాలేదు. గుట్టగా పడితే అవీ కుళ్లిపోతాయి. బతుకమ్మ పూలను మరునాడే తీసేయాలన్న తీర్మానాన్ని పాటించిన అక్కచెల్లెళ్లకు మా కృతజ్ఞతలు.

తామర చలికి నిద్రపోతుంది. ఆకులు పసుపుబారి ఎండిపోవడం చూసి మొక్క పోయిందని కొందరు దుంపలు తవ్వబోయారు, సకాలంలో ఆపగలిగాం. కాడలోని బోలు గొట్టాల గుండానే మట్టిలోని దుంపకు గాలి అందుతుంది గనుక, ఎండిన కాడను నీటి మట్టానికి పైన మాత్రమే కోయాలి. కింద కోస్తే గొట్టాల్లోకి నీరు దిగి దుంప కుళ్లిపోవచ్చు. ఎరువు ఈ కాలంలో వద్దు. కలువలు కూడా చిన్న ఆకులే వేశాయి, అది సహజమే.

నీటి మార్పు విషయం క్లుప్తంగా: ఒకేసారి సగం నీరు తీయకూడదు, పదో వంతు చాలు. నల్లా నీటిని ఒక రోజు డ్రమ్ములో నిలవబెట్టి క్లోరిన్ పోనివ్వాలి. బోరు నీరు చలికాలంలో వెచ్చగా వస్తుంది కానీ అందులో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఎత్తు నుంచి ధారగా పడనివ్వాలి.

జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తున్నారు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు చేస్తున్నాం. మొదటిది, కొలను దగ్గర ఒక థర్మామీటరు కట్టి, చలికాలం పొడవునా తెల్లవారుజామున, మధ్యాహ్నం నీటి వేడిని నోటు పుస్తకంలో రాయాలి. రెండోది, ఎక్కువైన గప్పీలను, నీటి మీద తేలే అంతర తామర మొక్కను భద్రకాళి చెరువులోగానీ వడ్డేపల్లి చెరువులోగానీ ఎవరూ వదలకూడదు. గప్పీలు మన నీళ్లలో పుట్టినవి కావు, రెండూ పెరిగితే ఆపలేం. ఎక్కువైనవాటిని విభాగానికి అప్పగిస్తే అడిగిన సభ్యుల తొట్లకు పంచుతాం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక తామర దుంపలను విడదీసి కొత్త చెరువు మట్టిలో నాటే పని ఉంటుంది. చేయి కలపగలిగినవారు పార్కు కాపలాదారు దగ్గరున్న పుస్తకంలో పేరు రాయించగలరు.