పక్క సీటులో కూర్చున్న అక్కకు కృతజ్ఞతలు

హైదరాబాద్‌లో ‘మలేనా’ ప్రదర్శన మధ్యలో లేచి బయటికి వచ్చేసిన నా కోసం వెనకే వచ్చిన అక్కా, ఈ నాలుగు మాటలు మీకే.

జుసెప్పె తోర్నతోరె 2000లో తీసిన ఈ ఇటాలియన్ సినిమా రెండో ప్రపంచ యుద్ధం నాటి సిసిలీలో జరుగుతుంది. భర్త యుద్ధానికి వెళ్లిన మలేనా మీద ఊరంతా పుకార్లు అల్లుతుంది. రెనాతో అనే కుర్రవాడు సైకిలెక్కి ఆమె వెంటే తిరుగుతాడు. అతని కోరికను దర్శకుడు దాచలేదు, వెక్కిరించలేదు. అది మెల్లగా ఆమె పట్ల ఆదరంగా మారడం నాకెంతో నచ్చింది. కానీ నడివీధిలో ఆడవాళ్లే ఆమెను కొట్టి, జుట్టు కత్తిరించే దృశ్యం తట్టుకోలేకపోయాను. నాన్న దుబాయ్‌లో ఉన్నన్నాళ్లూ మా ఊరు అమ్మను అన్న మాటలన్నీ చెవుల్లో మోగాయి.

ఏమైందని మీరు అడగలేదు. మంచినీళ్ల సీసా మూత తీసి ఇచ్చి, మెట్ల మీద పక్కనే కూర్చున్నారు. “ఆవిడ భర్త చనిపోలేదు తల్లీ, తిరిగి వస్తాడు. ఆ పిల్లాడే ఉత్తరం రాసి ఆయనకు నిజం చెబుతాడు. రా, చూద్దాం” అన్నారు. కథ ముందే చెప్పేయడంలో ఎంత దయ! యుద్ధంలో ఒక చేయి పోగొట్టుకున్న భర్తతో మలేనా అదే ఊరి వీధుల్లో నడిచి వచ్చేదాకా మీరు నా చేయి వదలలేదు.

పేరు అడిగేలోగా జనంలో కలిసిపోయారు. ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోనివన్నీ అమ్మ చెప్పింది. మీకు మా ఇద్దరి నమస్కారాలు.