సెకండ్ షో ఎందుకు తగ్గించామంటే

మన హాలుకొచ్చే అందరికీ నమస్కారం. జనవరి నుంచి సోమవారం మొదలు గురువారం దాకా సెకండ్ షో ఉండదని బోర్డు పెట్టాం. అది చూసి హాలు ఎత్తేస్తున్నారా అని చాలామంది అడిగారు. ఎత్తేయడం లేదు. ఉన్న సంగతి చెబుతాను.

2025 మనకు బాగానే మొదలైంది. ‘సంక్రాంతికి వస్తున్నాం’ చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోలు మాట్లాడుకుని కుటుంబాలకు కుటుంబాలే వచ్చాయి. మార్చిలో ‘కోర్ట్’, సెప్టెంబరులో ‘లిటిల్ హార్ట్స్’ పెద్ద హీరోలు లేకుండానే నోటిమాట మీద ఆడాయి. ఇక జులైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’! బొమ్మల సినిమా కదా అని మొదట రెండాటలే ఇచ్చాం, తర్వాత నాలుగూ దానికే ఇచ్చాం. పెద్దవాళ్లు చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్లేవారు. ఇంటర్వెల్ దాకా మా గేటు కుర్రాడికి ఆ చెప్పులు వరసగా సర్దడమే పని. 2025లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన సినిమా అదే.

దెబ్బకొట్టినవి మాత్రం భారీ సినిమాలే. ఆదివారం దాకా హౌస్‌ఫుల్, సోమవారం మ్యాట్నీకి పదకొండు మంది. టికెట్ తెగాక ఆట ఆపలేం. పదకొండు మందికైనా ఆరువందల మందికైనా ఏసీ హాలంతటికీ వేయాల్సిందే. ప్రొజెక్టర్ లాంప్ గంటల లెక్కన అరుగుతుంది, దానికి జనంతో పనిలేదు. కరెంటు బిల్లు, డిజిటల్ ప్రొజెక్షన్ ఛార్జీలు, జీతాలు అన్నీ పెరిగాయి. మా వాళ్ల జీతాలు మాత్రం ఇష్టంగానే పెంచాను, ఇంటి ఖర్చులు వాళ్లకూ పెరిగాయి కదా.

హాలు నిండితే డబ్బంతా మాకేనని చాలామంది అనుకుంటారు. పెద్ద సినిమాకు కలెక్షన్లు దండిగా ఉండే మొదటి వారం మాకు వచ్చేది ఫిక్స్‌డ్ అద్దె. జనం పలచబడ్డాక డిస్ట్రిబ్యూటర్లు పర్సంటేజీ, అంటే కలెక్షన్లో వాటా, అంటారు. జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామని మేలో ఎగ్జిబిటర్లు, అంటే మాలాంటి హాళ్లవాళ్లు, అన్నది ఈ పద్ధతి మార్చమనే. ఆ మూసివేత ఆగిపోయింది, మా కష్టం తీరలేదు. దానికితోడు నాలుగు వారాలు తిరిగేసరికి సినిమా ఫోన్లోకి వచ్చేస్తోంది. రెండో వారం ఎవరు చూస్తారు చెప్పండి? అందుకే వారం మధ్యలో సెకండ్ షో ఆపాం.

టికెట్ రేటు పెంచడం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల్లోపు టికెట్‌కు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, వంద దాటితే మునుపటిలాగే 18 శాతం. అందుకే బాల్కనీ కూడా వందలోపే ఉంచుతున్నాం. పెద్ద సినిమాలకు ప్రభుత్వ ఉత్తర్వులతో పెరిగే రేట్లు మా చేతిలో లేవు.

శుక్ర, శని, ఆదివారాల్లో ఎప్పటిలాగే నాలుగాటలు ఉంటాయి. ఏదైనా చిన్న సినిమా బాగుందని విని ఇక్కడ చూడాలనుకుంటే బుధవారం లోపు బుకింగ్‌లో చెప్పండి. శుక్రవారం ఆటలు బుధవారమే ఖాయం చేస్తాం.