తుక్కు గోదాముకు ఏ మీటరు?

సంపాదకులకు,

2010లో ఢిల్లీ మాయాపురిలో రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 ఉన్న పరికరాన్ని తుక్కుగా విప్పారు, ఒకరు చనిపోయారు. తుక్కు కొనే ప్రతి చోటా చేతి రేడియేషన్ మీటరు ఉండాల్సిందే. కానీ ఏది కొన్నా ఒకటే కాదు.

గైగర్ మీటరు చవక, మోటుగా వాడినా తట్టుకుంటుంది. అయితే రేడియేషన్ మరీ ఎక్కువైతే లోపలి ట్యూబు ఒక పల్సు (రేడియేషన్ తగిలినప్పుడల్లా పుట్టే విద్యుత్ సంకేతం) నుంచి తేరుకునేలోపే మరొకటి వచ్చి పడుతుంది. కొన్ని పాత మీటర్లలో ముల్లు సున్నాకు జారిపోతుంది. ప్రాణం తీసే పొరపాటు ఇదే. అందుకే దూరంలోనే ఆన్ చేసి, ముల్లును చూస్తూ దగ్గరకు వెళ్లాలి. ఉన్నట్టుండి పడిపోతే వెంటనే వెనక్కి రావాలి. రేడియేషన్ అంత ఎక్కువున్న చోట అయాన్ ఛాంబరే (గాలిలో రేడియేషన్ పుట్టించే విద్యుత్తును కొలిచే మీటరు) నమ్మదగింది.

లారీ లోడులో దాగిన గామా కిరణాలను (లోతుగా చొచ్చుకుపోయే రేడియేషన్) పట్టడానికి సోడియం అయొడైడ్ సింటిలేటర్ (రేడియేషన్ తగిలితే మెరిసే స్ఫటికం ఉన్న మీటరు) మేలు. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా ఎండలోకి తెస్తే దాని స్ఫటికం పగలొచ్చు. కాగితం కూడా ఆపేయగల ఆల్ఫా రేడియేషన్‌కు పల్చటి మైకా (అభ్రకం) కిటికీ ఉన్న మీటరు కావాలి. మట్టి అంటకుండా సంచి తొడిగారో, ఆల్ఫా లోపలికే రాదు.

ముందు ఖాళీ స్థలంలో ఓ నిమిషం సహజ స్థాయి చూసుకోండి: సాధారణంగా గంటకు 0.1-0.2 మైక్రోసీవర్ట్‌లు (రేడియేషన్ మోతాదు కొలత), గ్రానైట్ నేల మీద కాస్త ఎక్కువ. దానికి రెండు మూడు రెట్లు చూపితే సరుకు ముట్టుకోకుండా, జనాన్ని దూరం జరిపి, అణుశక్తి నియంత్రణ మండలికి తెలపాలి.

- రేడియేషన్ భద్రతా ఉద్యోగి, విశాఖపట్నం