కోణాల టాలరెన్స్‌కు చిన్న భుజమే ఆధారం

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం, బొబ్బిలి పరిసరాల్లోని చిన్న వర్క్‌షాపులకు వచ్చే డ్రాయింగుల టైటిల్ బ్లాకులో (వివరాల గడిలో), విడిగా టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) చూపని కొలతలకు 'ఐఎస్ఓ 2768-ఎం' (సాధారణ టాలరెన్సుల అంతర్జాతీయ ప్రమాణం, మధ్యమ తరగతి) వర్తిస్తుందన్న ఒక్క వాక్యం తరచుగా ఉంటుంది. పొడవుల దగ్గర పేచీ రాదు. చిక్కంతా కోణాల దగ్గరే. కోణం ఎన్ని డిగ్రీలన్నది కాక, దాన్ని ఏర్పరిచే రెండు భుజాల్లో చిన్నదాని పొడవును బట్టి టాలరెన్స్ మారుతుందన్న సంగతి తనిఖీ చేసేవారిలోనే కొందరు గమనించడం లేదు.

ఆ చిన్న భుజం 10 మిల్లీమీటర్ల వరకు ఉంటే అటూ ఇటూ ఒక డిగ్రీ, 50 వరకు 30 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం), 120 వరకు 20, 400 వరకు 10, ఆపైన 5 నిమిషాలు మాత్రమే అనుమతి. 400 మిల్లీమీటర్ల భుజం ఒక డిగ్రీ వాలితే దాని కొస దాదాపు 7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది, అదే 10 నిమిషాలైతే 1.2 మిల్లీమీటర్ల లోపే ఆగుతుంది కనుక ఈ అమరిక ఎంతో సబబైనది.

ఈమధ్య మేము 300 మిల్లీమీటర్ల పట్టీకి 40 మిల్లీమీటర్ల అంచును 120 డిగ్రీలకు వంచి పంపిన బ్రాకెట్లను ఒక సంస్థ తిప్పి పంపింది. కోణం కొలిచే బెవెల్ ప్రొట్రాక్టర్‌లో 120 డిగ్రీల 20 నిమిషాలు వచ్చింది. తనిఖీదారు పొడుగు భుజాన్ని లెక్కలోకి తీసుకుని 10 నిమిషాలే అనుమతి అన్నారు; చిన్న భుజం 40 కాబట్టి 30 నిమిషాల వరకు చెల్లుతుంది. పైగా, సాధారణ టాలరెన్స్ దాటిన భాగాన్ని సైతం, దాని పనితీరు చెడకపోతే, వేరే షరతు లేనంతవరకు వెంటనే తిరస్కరించరాదని 1989 నాటి ఆ ప్రమాణమే చెబుతోంది.

డ్రాయింగులో అంకె వేయని లంబకోణాలకూ ఇదే పట్టిక వర్తిస్తుంది. 'ఎంకే' అని రాసి, ఆకార టాలరెన్సులు చెప్పే ఆ ప్రమాణపు రెండో భాగాన్ని ('కే' అందులోని తరగతి) కూడా ఉదహరిస్తే మాత్రం లంబకోణాన్ని డిగ్రీల్లో కాక మిల్లీమీటర్లలో చూడాలి: చిన్న భుజం 100 వరకు ఉంటే 0.4. ఆ రెండో భాగాన్ని 2021లో ఉపసంహరించి ఐఎస్ఓ 22081ను తెచ్చినా, పాత డ్రాయింగులు ఇంకా వస్తూనే ఉన్నాయి.

మన జిల్లా ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఈ పట్టికను బోర్డు మీద చెప్పి వదిలేయకుండా, విద్యార్థుల చేతికి ప్రొట్రాక్టర్ ఇచ్చి, ఏది చిన్న భుజమో వారి చేతనే గుర్తింపజేయాలని కోరుతున్నాను. అసెంబ్లీలో కచ్చితంగా కుదరవలసిన కోణం ఉన్నప్పుడు డిజైనర్లు టైటిల్ బ్లాకుకు వదిలేయక, ఆ కోణం పక్కనే టాలరెన్స్ రాయాలి.

ఇట్లు,
ఒక వర్క్‌షాప్ ఫోర్‌మన్,
విజయనగరం.