ముప్పు చెరువుది, ధర కొనేవాళ్లది

గౌరవనీయ మత్స్యశాఖ అధికారి గారికి,

నమస్కారాలు. వినతిపత్రాలకు జవాబు రానందున ఈ విషయాన్ని పదిమంది ముందు పెడుతున్నాం.

వనామీ రకం రొయ్యల సాగులో పెట్టుబడిలో సుమారు సగం మేతకే పోతుంది. తెల్లమచ్చ వైరస్ సోకితే 3 నుంచి 10 రోజుల్లో రొయ్యలు చచ్చి చెరువు ఖాళీ కావచ్చు. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి సోకితే రొయ్య మేత తింటున్నా ఎదగదు. 100 కౌంట్ దగ్గర, అంటే కిలోకు 100 రొయ్యలు తూగే, ఒక్కోటి 10 గ్రాముల సైజు దగ్గరే ఆగిపోవచ్చు. ఇంత ముప్పు మోసేవాడికి లాభంలోనూ తగిన వాటా దక్కాలి. కొనేవాళ్లు పోటీ పడితేనే అది సాధ్యం.

గట్టు మీద జరిగేది వేరు. జబ్బు కనబడితే వెంటనే రొయ్యలు పట్టి అమ్మేయాలి. ఐస్‌లో వేసిన సరుకు తిరిగి చెరువులోకి పోదు, ఆ సంగతి కొనేవారికి బాగా తెలుసు. మేత అప్పిచ్చిన డీలరే సరుకూ తీసుకుంటే రెండో బేరగాడు గట్టు దగ్గరికే రాడు. 2025 ఆగస్టులో మన దేశపు సరుకుపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ భారం చెరువు గట్టు ధర మీదా పడింది. మేత అప్పటికే వేసేశారు. అలా నష్టపోయిన రైతు ఇంట్లో మరుసటి పంటకు రొయ్య పిల్ల కొనాలంటే బంగారం తాకట్టే దిక్కు. కౌలు రైతుకు అదీ ఉండదు.

కొనుగోలుదారులందరి కౌంట్‌వారీ ధరలను ప్రతి ఉదయం మీ శాఖ ప్రకటించాలి. ధర తగ్గించే ముందు 7 రోజుల నోటీసు ఉండాలి. మేత అప్పుకూ అమ్మకానికీ ముడిపెట్టే షరతులను నిషేధించాలి. శాంపిల్ కౌంట్ రైతు ఎదుటే తీయాలి. 30 కౌంట్‌ను తక్కువ ధర పలికే 32గా రాస్తే టన్నుల మీద ఆ తేడా చిన్నది కాదు.

30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
వనామీ రైతులు, చెరువు టెక్నీషియన్లు