మన పిన్‌కోడు 517501 గురించి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గేటు పక్కనున్న నల్లబల్లను వారం రోజులుగా ఎందుకు తుడవలేదని, పరీక్షల ముందు తొమ్మిదో తరగతి పిల్లలచేత సిలబస్‌లో లేని లెక్క ఎందుకు చేయిస్తున్నామని మీలో చాలామంది అడుగుతున్నారు. వాట్సాప్ గ్రూపులో సాగిన చర్చ కూడా చదివాను. ఆ బల్లమీద ఉన్నది మన తిరుపతి పిన్‌కోడు 517501. అది ప్రధాన సంఖ్య (1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగింపబడనిది) అవునో కాదో చేత్తో లెక్కకట్టి తేల్చమని గణితం టీచరు చెప్పారు. అందుకు అనుమతి ఇచ్చింది నేనే.

720 వర్గం 518400, అంటే మన సంఖ్యను దాటిపోతుంది. రెండు సంఖ్యల లబ్ధంగా అది విడిపోతే, వాటిలో ఒకటి 720 కంటే చిన్నదై ఉండాలి. కాబట్టి 719 వరకున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి 128. పిల్లలు వాటిని వంతులు వేసుకుని అన్ని భాగహారాలూ పూర్తిచేశారు. 23తో భాగిస్తే 22500 సార్లు పోయి శేషం 1 మిగిలినప్పుడు క్లాసంతా ఉసూరుమంది. 311 వంతు వచ్చిన అబ్బాయి శేషం 308 అని వేసి, పక్కనే పెన్సిలుతో ‘ఇంకో మూడు ఉంటే సరిపోయేది’ అని రాసుకున్నాడు. ఆ మూడు కలిపితే వచ్చే 517504 తిరుమల పిన్‌కోడని పక్క బెంచీ అమ్మాయి గుర్తుపట్టింది. 128ని 13తోనూ 311తోనూ గుణిస్తే ఆ సంఖ్య వస్తుందని ఇద్దరూ కలిసి తేల్చారు. కొండకింది సంఖ్య మాత్రం దేనికీ లొంగలేదు. అది ప్రధాన సంఖ్యే.

నాలుగుతో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చని 17వ శతాబ్దంలో ఫెర్మా అనే గణితవేత్త చెప్పగా, 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే మరో గణితవేత్త నిరూపించాడు. మన సంఖ్యకూ నాలుగుతో భాగిస్తే శేషం 1 వస్తుంది. ఆ రెండు వర్గాలను వెతకమనగానే అదే అమ్మాయి, ఒక వర్గం చివర రెండు సున్నాలుంటే రెండోది 01తో ముగియాలి కదా అనుకుని, 01, 49, 51, 99తో ముగిసే సంఖ్యలను మాత్రమే వరుసగా పరీక్షించుకుంటూ 699 దాకా వెళ్లింది. 699 వర్గం 488601. మిగిలిన 28900 సరిగ్గా 170 వర్గం. ఆ జత ఒక్కటే ఉంటుంది, దాన్ని మన పాప పట్టుకుంది! ఆ నోటుపుస్తకం చూస్తూ చాలాసేపు మాట రాక కూర్చున్నాను.

చేత్తో భాగహారం చేసే పిల్లకు సంఖ్య లోపలి నుంచి తెలుస్తుంది. ఎక్కడ అంచనా తప్పిందో, ఎందుకు వెనక్కి రావాలో ఆ వేళ్లకే తెలుస్తుంది. ఈ విషయంలో నేను రాజీపడలేను.

మీకు పిల్లలమీద ఉన్న శ్రద్ధను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. మొదటి రాత్రే ఒక ఇంటినుంచి ఫోనులో వెతికిన జవాబు గ్రూపులోకి వచ్చింది. మరునాడు కొన్ని పుస్తకాలలో ఒక్క భాగహారమైనా లేకుండా ఆ జవాబే కనిపించింది. పిల్లవాడు తికమకపడుతుంటే దయచేసి ఫోను చేతికివ్వకండి. పక్కన కూర్చుని పదమూడో ఎక్కం అప్పజెప్పించుకోండి.

బస్సు ఫీజు పదో తేదీలోగా చెల్లించగలరు, శనివారం ఒంటిపూట బడి.

బల్లను సోమవారం తుడుస్తాము. ఆనాడే చిత్తూరు పిన్‌కోడు 517001 ఇస్తున్నాము. దాని జవాబును దయచేసి ఎవరూ గ్రూపులో పెట్టవద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు